జబ్బు పడబోయే వారికి సూచనలు

మందుల ధరల మీద గొడవ వచ్చినప్పుడల్లా కంపెనీలను, ప్రభుత్వాలను, పేటెంటు ఆఫీసులను తిట్టడం మనకు అలవాటైపోయింది. నిదానంగా చూస్తే వాళ్లంతా ఎవరి పని వాళ్లు శ్రద్ధగానే చేస్తున్నారు. కంపెనీ పేటెంటు తీసుకుంటోంది, ఆఫీసు ముద్ర వేస్తోంది, లాయరు వాయిదా అడుగుతున్నాడు, ప్రభుత్వం పరిశీలిస్తోంది. ముందూ వెనకా చూసుకోకుండా, ఎవరితోనూ చెప్పకుండా, చేతిలో పైసా లేకుండా జబ్బు పడుతున్నవాడు రోగి ఒక్కడే. మొత్తం ఏర్పాటులో క్రమశిక్షణ లేనిది అతనికే.

పెళ్లికి జాతకం చూస్తాం, ఇంటికి వాస్తు చూస్తాం, బోరు వేయడానికి కొబ్బరికాయ పట్టుకుని పొలమంతా తిరుగుతాం. జబ్బు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏమీ చూడం. ఆ లోటు తీర్చడానికే ఈ సూచనలు. పేద దేశాల్లోనో, ఓ మాదిరి ఆదాయం ఉన్న దేశాల్లోనో ఉంటూ, త్వరలో జబ్బు పడే ఆలోచన ఉన్నవారు కత్తిరించి దాచుకోగలరు.

1. జబ్బును చూసి ఎంచుకోండి

డబ్బున్నవాళ్లకు కూడా వచ్చే జబ్బునే తెచ్చుకోండి. బీపీ, కొలెస్ట్రాల్, ఊబకాయం, బట్టతల: ఇవి పలుకుబడి ఉన్న జబ్బులు. కాలా అజార్, బోదకాలు, అతినిద్ర వ్యాధి లాంటివి దిక్కులేనివి. 1975 నుంచి 1999 వరకు ప్రపంచ మార్కెట్లోకి 1,393 కొత్త మందులు వచ్చాయి. ఉష్ణమండల వ్యాధులకూ క్షయకూ కలిపి అందులో దక్కినవి 16. కోట్లమందికి ఉన్న జబ్బు కదా, ఎవరో ఒకరు పట్టించుకోకపోతారా అని ధీమాగా ఉండకండి. కంపెనీ జబ్బు ఉన్నవాళ్లను లెక్కపెట్టదు, కొనగలిగినవాళ్లను లెక్కపెడుతుంది.

పేదల జబ్బే తప్పదనుకుంటే, కనీసం డబ్బున్నవాళ్ల బాధ ఏదో ఒకదానితో దానికి చుట్టరికం ఉండేట్టు చూసుకోండి. ఎఫ్లోర్నిథిన్ అనే మందు కథ వినండి. క్యాన్సర్ కోసం మొదలుపెట్టారు. అక్కడ పెద్దగా పనికిరాలేదు. ఆఫ్రికాలో సెట్సీ ఈగ కాటుతో వచ్చే అతినిద్ర వ్యాధి మీద మాత్రం గొప్పగా పనిచేసింది. స్పృహ తప్పి పడున్నవాళ్లను లేపి కూర్చోబెడుతుందని పేరు తెచ్చుకుంది. 1990లో అమెరికా అనుమతి కూడా దొరికింది. ఆ రోగులకు అప్పటిదాకా ఉన్న గతి మెలార్సొప్రోల్ అనే ఆర్సెనిక్ సూదిమందు. అది తీసుకున్న ప్రతి ఇరవైమందిలో సుమారు ఒకరిని జబ్బుకన్నా ముందు మందే తీసుకుపోయేది. అయినా 1990ల నడుమ ఎఫ్లోర్నిథిన్ తయారీ ఆగిపోయింది. కాంగో, సూడాన్ పల్లెల్లో కొనేవాళ్లేరీ?

ఇంతలో అదే మందును పూతగా రాస్తే ఆడవాళ్ల ముఖం మీద అవాంఛిత రోమాలు తగ్గుతాయని తేలింది. 2000లో అమెరికా షాపుల్లోకి క్రీము వచ్చేసింది. ముఖానికి ఉన్న మందు ప్రాణానికి లేదా అని వైద్య సంస్థలు అల్లరి చేశాక, 2001లో అవెంటిస్ కంపెనీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు సూదిమందును ఉచితంగా ఇవ్వడానికి ఒప్పుకుంది. కాబట్టి జబ్బు పడేముందు న్యూయార్కులో ఎవరికైనా మీసాలు వస్తున్నాయేమో వాకబు చేయండి.

సైనికుల జబ్బు అయినా ఫరవాలేదు. బోదకాలు మన కోస్తా జిల్లాలను తరతరాలుగా పీడించింది. దాని మందు కోసం గట్టి వెతుకులాట మొదలైంది రెండో ప్రపంచ యుద్ధంలో, పసిఫిక్ దీవుల్లో అమెరికా సైనికులకు ఆ జబ్బు తెచ్చే పురుగు తగిలాక. అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో ఆ మందును బయటికి తెచ్చిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. పుట్టిన ఊరివాళ్ల కాళ్లకు మందు కావాలంటే, దారి పసిఫిక్ మీదుగానే ఉంది.

2. ముహూర్తం చూసుకోండి

పేటెంటు ఆయుష్షు దరఖాస్తు పెట్టిన నాటినుంచి 20 ఏళ్లు. ఆ గడువు దాటాక పడిన జబ్బే శ్రేయస్కరం.

మన దేశంలో 1972 నుంచి 2004 దాకా దివ్యమైన ముహూర్తం ఉండేది. అంతకుముందు 1911 నాటి తెల్లవాళ్ల చట్టం నడిచింది. దాని కింద భారతదేశంలో కొన్ని మందుల ధరలు ప్రపంచంలోనే అత్యధికమని అమెరికా సెనేట్ కమిటీయే రాసింది. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక పునాదిగా 1970లో కొత్త చట్టం చేశారు. మందు మీద పేటెంటు లేదు, తయారుచేసే పద్ధతి మీదే ఉంటుంది. అదీ ఏడేళ్లకు మించదు. అదే మందును ఇంకో దారిలో తయారుచేస్తే నేరం కాదు. హైదరాబాదు బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల ఫ్యాక్టరీ ఐడీపీఎల్‌లో పని నేర్చిన కెమిస్టులు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. కల్లం అంజిరెడ్డి అలా వచ్చినవారే. హైదరాబాదు బల్క్ డ్రగ్స్‌కు రాజధాని అయింది. ఒకప్పుడు దిగుమతి కోసం ఎదురుచూసిన దేశం ఎగుమతులు మొదలుపెట్టింది.

1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ, దాని ట్రిప్స్ ఒప్పందం వచ్చాయి. 2005 జనవరి 1 నుంచి మన దగ్గర కూడా మందు మీదనే పేటెంటు. అన్నేళ్ల సమయం ఇచ్చినా జబ్బు పడి తేల్చుకోనివాళ్లది పూర్తిగా వాళ్ల నిర్లక్ష్యం.

ఆ తర్వాతివాళ్లు ఒక్కో మందుకు విడిగా పంచాంగం చూసుకోవాల్సిందే. మందులకు లొంగని క్షయ ఉందనుకోండి. నలభై ఏళ్ల తర్వాత క్షయకు వచ్చిన కొత్త తరహా మందు బెడాక్విలిన్‌కు 2012 డిసెంబరులో అమెరికా అనుమతి వచ్చింది. మన దేశంలో దాని అసలు పేటెంటు ముగిసింది 2023 జూలైలో. ఆ పదేళ్లూ క్రిమిని ఊపిరితిత్తుల్లో మర్యాదగా కూర్చోబెట్టి మాట్లాడుతూ ఉంటే సరిపోయేది. దగ్గు వస్తే, పక్కవాళ్లకు అంటకుండా దగ్గాలి.

3. కొత్త ఉప్పుకు నమస్కరించండి

గడువు ముగిసిందని సంబరపడకండి. మందు అదే ఉంటుంది. దాని లవణం మారుతుంది, స్ఫటికం మారుతుంది, మాత్ర సిరప్ అవుతుంది. మారిన ప్రతిదానికీ ఇంకో పేటెంటు, ఇంకొన్నేళ్లు. కొత్త సీసాలో పాత సారా అనేవాళ్లు అసూయపరులు, పట్టించుకోకండి.

మన పార్లమెంటు 2005లో ఇలాంటి అసూయతోనే చట్టంలో సెక్షన్ 3(డి) పెట్టింది. తెలిసిన పదార్థానికే కొత్త రూపం ఇస్తే, దానివల్ల చికిత్సలో ఫలితం పెరిగిందని రుజువు చేస్తే తప్ప పేటెంటు ఇవ్వరు. తెలిసిన పదార్థాన్నే నోవార్టిస్ కంపెనీ ‘బీటా స్ఫటికం’గా మార్చి, రక్త క్యాన్సర్ మందు గ్లివెక్‌గా తెచ్చింది. ఈ రూపం శరీరంలోకి 30 శాతం ఎక్కువ చేరుతుందని వాదించింది. చెన్నై పేటెంటు ఆఫీసు 2006లో కుదరదంది. ఏడేళ్లు వాదించాక 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టూ అదే చెప్పింది: ఎక్కువ చేరడం వేరు, జబ్బు ఎక్కువ తగ్గడం వేరు. కంపెనీ ధర నెలకు లక్షా ఇరవై వేల రూపాయల దాకా ఉండగా, జనరిక్ రూపంలో అదే చికిత్స పదివేల లోపు దొరికింది. స్ఫటికం అందాన్ని ఆస్వాదించే సంస్కారం మనకు లేకపోవడం వల్లే ఇలా జరిగింది.

అమెరికా అంత మొరటు దేశం కాదు. కీళ్లవాతానికి వాడే హ్యుమిరాకు అక్కడ 2002 ఆఖరున అనుమతి వచ్చింది. దాని చుట్టూ వందకు పైగా పేటెంట్లు అల్లుకున్నాయి. పోటీ మందు అక్కడి షాపులోకి అడుగుపెట్టింది 2023లో.

4. బిల్లు చూసి ముఖం చిట్లించకండి, లెక్క నేర్చుకోండి

ఒక కొత్త మందు తేవడానికి 260 కోట్ల డాలర్లు అవుతుందని 2014లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయ కేంద్రం లెక్క తేల్చింది. మధ్యలో తప్పిపోయిన మందుల ఖర్చు కూడా కలుపుకుని, చేతినుంచి పడింది 140 కోట్లు. మిగిలిన 120 కోట్లు, ఆ సొమ్మును అన్నేళ్లూ ఇంకోచోట పెట్టి ఉంటే వచ్చి ఉండేదనుకున్న రాబడి.

ఈ పద్ధతి రోగులు కూడా అలవరచుకోవాలి. పెద్దాసుపత్రి ఓపీ లైనులో నిలబడ్డ రోజు ఆటోకు ఇచ్చింది రాసుకోండి. పోయిన కూలీ రాయండి. ఆ కూలీ డబ్బు చీటీలో వేసి, చీటీ పాడి, వచ్చిన దాంతో గేదెను కొని ఉంటే అది ఇచ్చే పాలు రాయండి. మొత్తం కలిపి మెడికల్ షాపు కౌంటరు మీద పెట్టండి. ఆ షాపతను మిమ్మల్ని చూసే చూపులోనే ఈ లెక్క ఎవరికి చెల్లుతుందో తెలిసిపోతుంది.

తొలి పరిశోధన ఎవరి డబ్బుతో జరిగిందని మాత్రం అడగకండి. ఎయిడ్స్‌కు వచ్చిన మొదటి మందు ఏజడ్‌టీని 1964లో క్యాన్సర్ కోసం తయారుచేశారు. ఖర్చు అమెరికా ప్రభుత్వ క్యాన్సర్ సంస్థది. 1987లో అది అమ్మకానికి వచ్చినప్పుడు ఏడాదికి దాదాపు 10,000 డాలర్లు. పన్ను కట్టినవాడే మళ్లీ కౌంటరు దగ్గర నిలబడటం పెట్టుబడి మీద గౌరవానికి గుర్తు.

5. దేశం కూడా ముఖ్యమే

హెపటైటిస్ సి మందు సొఫోస్‌బువిర్‌కు గిలియడ్ కంపెనీ అమెరికాలో పెట్టిన ధర పన్నెండు వారాలకు 84,000 డాలర్లు. అంటే మాత్రకు వెయ్యి. 2014లో అదే కంపెనీ మన దేశపు జనరిక్ తయారీదార్లకు లైసెన్సులిచ్చి, 91 దేశాల్లో అమ్ముకోమంది. హైదరాబాదు హెటెరో అందులో ఉంది. మరుసటి ఏడాది నాట్కో కూడా చేరి 28 మాత్రల సీసాను 19,900 రూపాయలకు తెచ్చింది. ఇక్కడిదాకా బాగుంది. బ్రెజిల్, చైనా, థాయిలాండ్, మలేసియా మాత్రం అప్పటి ఆ జాబితాలో లేవు. అవి మరీ పేద దేశాలు కావట. తలసరి ఆదాయం ఎంతో కాలేయానికి తెలియదు కాబట్టి మీరే దానికి నచ్చజెప్పండి. దేశం ఎదుగుతోందని పేపర్లో చదివిన రోజునుంచి నీళ్లు కాచుకుని తాగండి.

ప్రభుత్వాలకు కూడా ఒక సలహా. ధైర్యం చేయకండి. 2007లో థాయిలాండ్ ప్రభుత్వం ఎయిడ్స్ మందు కలేట్రాకు తప్పనిసరి లైసెన్సు (పేటెంటుదారు ఒప్పుకోకపోయినా ఇంకొకరు తయారుచేసే అనుమతి) ప్రకటిస్తే, అబాట్ కంపెనీ తన కొత్త మందుల దరఖాస్తులను ఆ దేశం నుంచి వెనక్కి తీసేసుకుంది. పేటెంటు అంటే నమ్మకం మీద నడిచే వ్యవహారం కదా.

6. కాగితాలు పూర్తయ్యేదాకా జబ్బును ఆపి ఉంచండి

సొంత ఫ్యాక్టరీలు లేని దేశాలు ఏం చేయాలి? దానికీ దారి ఉంది. 2003 ఆగస్టులో ప్రపంచ వాణిజ్య సంస్థ ఒక పద్ధతి ప్రకటించింది: పేద దేశం అడిగితే ఇంకో దేశం పేటెంటును పక్కనపెట్టి మందు తయారుచేసి పంపవచ్చు. 2004లో కెనడా చట్టం చేసింది. 2007 జూలైలో రువాండా తనకు ఎయిడ్స్ మందు కావాలని తెలియజేసింది. అపోటెక్స్ అనే కంపెనీ తయారుచేసిన మాత్రలు 2008 సెప్టెంబరులో బయల్దేరాయి. 2009లో మరో విడత వెళ్లింది. ఇంత తతంగం మళ్లీ పడలేనని కంపెనీ చేతులెత్తేసింది. రువాండా రోగులు ఆ అయిదేళ్లూ ఓపిక పట్టి ఉంటే ఏ చిక్కూ ఉండేది కాదు.

7. ప్రోత్సాహం సరైనచోట ఇవ్వండి

పరిశోధనకు డబ్బు కావాలి. తప్పిపోయే ప్రయోగాలకు కూడా ఎవరో ఒకరు పెట్టుబడి పెట్టాలి. ఇందులో అబద్ధం లేదు. ఆ డబ్బును మంచం మీద పడుకున్నవాడి దగ్గరే, అతను ఎక్కువ నొప్పితో ఉన్న సమయంలోనే వసూలు చేయాలన్నది మాత్రం మీరు గట్టిగా నమ్మాలి.

వేరే ప్రోత్సాహం ఇవ్వక తప్పకపోతే అమెరికా చేసినట్టు చేయండి. నిర్లక్ష్యానికి గురైన జబ్బుకు మందు తెచ్చిన కంపెనీకి 2007 నుంచి ఒక వోచరు ఇస్తున్నారు. అది చూపిస్తే తర్వాతి మందు దరఖాస్తును త్వరగా పరిశీలిస్తారు. లేదా ఆ వోచరును ఇంకొకరికి అమ్ముకోవచ్చు. కాలా అజార్ మందు మిల్టెఫోసిన్‌కు మన దేశంలో 2002లోనే అనుమతి ఉంది. 2014లో నైట్ అనే కెనడా కంపెనీ దాన్ని అమెరికాలో నమోదు చేయించి వోచరు పుచ్చుకుంది. అదే ఏడాది ఆ వోచరును గిలియడ్‌కు 12.5 కోట్ల డాలర్లకు అమ్మింది. పన్నెండేళ్ల క్రితం దొరికిన మందును మళ్లీ కనుక్కున్నందుకు బహుమతి! బీహారులో కాలా అజార్ రోగికి మందు ఏ ధరకు అందించాలన్న షరతు ఆ వోచరులో లేదు. ఉంటే ప్రోత్సాహం తగ్గిపోదూ?

ఇలాంటి జబ్బులకు మందులు తేవడానికి 2003లో పుట్టిన డీఎన్‌డీఐ లాంటి సంస్థల పేరు ఎవరైనా ఎత్తితే చెవులు మూసుకోండి. ప్రభుత్వాలూ దాతలూ పరిశోధన ఖర్చును ముందే భరిస్తే, ఆ భారం మాత్ర ధరలోకి ఎక్కనక్కర్లేదని వాళ్ల వాదన. వాదనతో ఆగకుండా సనోఫీతో కలిసి అతినిద్ర వ్యాధికి నోటితో వేసుకునే ఫెక్సినిడజోల్ తెచ్చారు. 2018లో యూరప్ మందుల సంస్థ దానికి సమ్మతి తెలిపింది. ముఖం మీద వెంట్రుకలతో ఏ సంబంధమూ లేని మందు అది. ఇలాంటివి అలవాటైతే కష్టం.

8. చెడు సావాసాలు వద్దు

సూచనలను మీరి నడిచినవాళ్ల పేర్లు కొన్ని ఇస్తున్నాను. పిల్లల కంట పడనీయకండి.

మొదటివాడు సిప్లా కంపెనీ యూసఫ్ హమీద్. పాశ్చాత్య దేశాల్లో ఎయిడ్స్ మందులు ఏడాదికి 10,000 డాలర్లు దాటుతుండగా, 2001 ఫిబ్రవరిలో మూడు మందుల కలయికను 350 డాలర్లకు ఇస్తానన్నాడు. చౌక మందుల చట్టం చేసినందుకు దక్షిణాఫ్రికా ప్రభుత్వం మీద కేసు వేసిన 39 కంపెనీలు, ఆ ఏప్రిల్‌లో కేసు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

తర్వాత హైదరాబాదు నాట్కో. మూత్రపిండాల, కాలేయ క్యాన్సర్లకు వాడే బేయర్ వారి నెక్సావర్ నెలకు 2,80,428 రూపాయలు ఉండేది. అవసరమైన రోగుల్లో రెండు శాతానికి కాస్త ఎక్కువమందికే మందు అందుతోందని తేల్చి, 2012 మార్చిలో పేటెంట్ల కంట్రోలర్ పి.హెచ్. కురియన్ నాట్కోకు తప్పనిసరి లైసెన్సు ఇచ్చారు. ధర 8,880 మించకూడదు. అమ్మకాల మీద 6 శాతం రాయల్టీ బేయర్‌కు. అప్పీలులో దాన్ని 7 శాతం చేశారు. అంటే హక్కుదారుకు వాటా దక్కింది, రోగికి మందు దక్కింది. ఈ మందును తాము భారత మార్కెట్ కోసం తయారుచేయలేదని, కొనగలిగే పాశ్చాత్య రోగుల కోసమేనని ఆ మరుసటి ఏడాది బేయర్ అధిపతి నోరుజారారు. ఇంత నిజాయితీ పెద్దవాళ్లకు తగదు.

మూడోవాళ్లు మరీ ప్రమాదకరం, ఎందుకంటే వాళ్లు రోగులు. ముంబయికి చెందిన నందిత వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమెజా టిసిలె. క్షయకు వాడిన పాత మందుల వల్ల ఇద్దరికీ వినికిడి పోయింది. బెడాక్విలిన్ పేటెంటును ఒక లవణం పేరుతో 2027 దాకా సాగదీసే దరఖాస్తు మీద అభ్యంతరం దాఖలు చేశారు. 2023 మార్చిలో పేటెంటు ఆఫీసు ఆ దరఖాస్తును తిరస్కరించింది. దాంతో ఆ జూలై ముహూర్తం జూలైకే మిగిలింది. రోగులు చట్టం చదవడం మొదలుపెడితే ఈ సూచనల పుస్తకాలకు గిరాకీ ఏముంటుంది?

2025లో కూడా ఈ అలవాటు పోలేదు. పిల్లల కండరాలను కరిగించే ఎస్ఎంఏ జబ్బుకు రోష్ కంపెనీ మందు రిస్‌డిప్లామ్ సీసా సుమారు ఆరు లక్షల రూపాయలు ఉండేది. నాట్కో జనరిక్‌ను ఆపమన్న రోష్ వినతిని ఢిల్లీ హైకోర్టు తోసిపుచ్చింది. ఆ అక్టోబరులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. నాట్కో సీసా 15,900 రూపాయలకు వచ్చింది.

కాపీ కొట్టేవాళ్లకు కొత్తది కనిపెట్టడం చేతకాదనే మాటకు కూడా అక్కడక్కడా మచ్చ పడింది. పసిపిల్లల విరేచనాలకు రోటావాక్ టీకా ఢిల్లీ ఎయిమ్స్‌లో దొరికిన వైరస్ నుంచి పుట్టింది. ప్రభుత్వ, దాతల నిధులతో ఎదిగి, భారత్ బయోటెక్ చేతిలో హైదరాబాదులో తయారై, డోసుకు డాలరు ధరతో బయటికొచ్చింది.

9. ప్రశ్నలు తగ్గించండి

ఈ విషయంలో ప్రభుత్వమే దారి చూపింది. పేటెంటు తీసుకున్నవాళ్లు ఆ మందును దేశంలో ఎంత అమ్మారో, ఎలా అందుబాటులో ఉంచారో ఫారం 27లో ఏటా చెప్పాల్సి ఉండేది. నాట్కో కేసులో బాగా పనికొచ్చిన కాగితాలు అవే. 2024 మార్చి నిబంధనలతో అది మూడేళ్లకు ఒకసారి అయింది. పేటెంటు ఇవ్వకముందే అభ్యంతరం చెప్పాలంటే ఇప్పుడు ఫీజు కట్టాలి. నందితలూ ఫుమెజాలూ ఇక ముందు కాస్త ఆలోచించి దిగుతారు.

ఇన్ని సూచనలు పాటించలేం, మా ఇంట్లో ఇప్పటికే జబ్బు ఉంది అనేవాళ్లకు చివరిగా ఒక మాట. పేటెంటు చట్టంలో 84వ సెక్షన్ ఇంకా ఉంది. మందు సరిపడా అందకపోయినా, ధర జనానికి అందనంత ఉన్నా, దేశంలో తయారుకాకపోయినా, పేటెంటు వచ్చి మూడేళ్లు నిండాక ఇంకొకరికి లైసెన్సు ఇవ్వవచ్చని అందులో రాసి ఉంది. 2012లో నెక్సావర్‌కు ఇచ్చిన తర్వాత, ఆ సెక్షన్ కింద మన దేశంలో రెండో లైసెన్సు ఎవరికీ ఇవ్వలేదు.